గోడ మీద రెండో వాక్యం

మా బావగారు పోయారన్న కబురు ఎదురింటివాళ్ల ఫోనుకి వచ్చింది. నేను పెందుర్తిలో బస్సెక్కి, అక్క ఇంటికి చేరేసరికి సందు నిండా జనం. సగం మంది ఆయన్ని చూస్తున్నారు, మిగతా సగం గోడను చూస్తున్నారు. ఎన్నికలు దగ్గర పడ్డాయి, వాళ్లను తప్పు పట్టలేను. కోటవీధి నుంచి హార్బరు వైపు దిగే ఆ సందులో మా అక్క ఇంటి ప్రహరీ అంత పొడుగు గోడ ఇంకొకటి లేదు. షిఫ్టుకి వెళ్లేవాళ్లూ, షిఫ్టు దిగి వచ్చేవాళ్లూ దాని పక్క నుంచే నడవాలి.

ఎన్నికల గోడల సంగతి మీకు తెలియనిది కాదు. నెలల ముందే సున్నం కొట్టి, ఒక మూల పార్టీ పేరు వేసి, పక్కన 'రిజర్వు' అని రాసిపోతారు. ఇంటివాళ్లను అడిగితే మర్యాద, అడగకపోతే రాజకీయం. ఊళ్లో గోడలన్నీ అలా పంపకాలైపోయినా, మా బావగారి గోడ మీద మాత్రం ఏ పార్టీవాడూ కుంచె పెట్టలేదు. అక్కడ రాసేది ఆయనొక్కరే.

ఆయనది కృష్ణా జిల్లా. పోర్టు ఉద్యోగానికి వచ్చి, ఎలమంచిలిలో మా అక్కను చేసుకుని, ఇక్కడే ఉండిపోయారు. ఆదివారం పొద్దున్నే లుంగీ ఎగ్గట్టి, గోడ మధ్యలో ఒక చాపంత మేర సున్నం కొట్టి, నీలిమందుతో రెండంటే రెండు వాక్యాలు రాసేవారు. ముందు అక్షరాలన్నీ బోడిగా రాసుకుంటూ పోయి, చివర్న తలకట్లన్నీ ఒక్కసారి పెట్టేవారు. దారిన పోయేవాళ్లు బోడి అక్షరాలతోనే చదివేసి, అప్పుడే వాదన మొదలుపెట్టేవారు. కింద 'ఇట్లు, ఇంటి యజమానురాలు' అని ఉండేది.

దానికి కారణం ఉంది. పోర్టు ఉద్యోగి రాజకీయాలు రాయకూడదు. ఇల్లు మా అక్క పేరున ఉంది. పైఆఫీసరు పిలిచి నిలదీస్తే, ఈయన చేతులు కట్టుకుని, గోడ మా ఆవిడదండీ, ఆవిడ అభిప్రాయాలకు నేనెలా బాధ్యుణ్ణవుతాను, రాసిపెట్టమంటే రాసిపెడతాను, లేకపోతే అన్నం ఎవరు పెడతారు అన్నారట. ఆ ఆఫీసరుకీ ఇంట్లో అన్నం పెట్టే మనిషి ఉంది కాబోలు, వదిలేశాడు. ఆనాటి నుంచి పోర్టు ఆఫీసంతా మా అక్కను పెద్ద రాజకీయ మేధావి అనుకునేది. నాకు నవ్వొచ్చేది. మా అక్క పేపరు తెరిచేది పప్పులు ఆరబోయడానికని నా ఉద్దేశం.

ఆయన రాతలు చాలా మందికి ఇప్పటికీ నోటికొచ్చు. ఉక్కు ఫ్యాక్టరీ రాయి పడి ఏళ్లు గడుస్తున్నా గోడలు లేవని రోజుల్లో రాశారు: 'ప్రభుత్వం వ్యాపారం చేయకూడదు. చేస్తానని రాయి వేశాక చేయకపోవడం అంతకన్నా తప్పు.' రాష్ట్రానికి ముఖ్యమంత్రులు ఢిల్లీ నుంచి సీల్డు కవర్లలో దిగుతున్న కాలంలో: 'పెద్దల మాట వినడం మంచిదే. ఆ కవరు మీద మన అడ్రసు ఎవరైనా చూశారా?' తర్వాత కొత్త పార్టీ వచ్చి, ఆగస్టులో దాన్ని దించి, నెలకల్లా మళ్లీ ఎక్కించిన రోజుల్లో: 'మెజారిటీ సభలో లెక్కపెట్టాలి. బస్సుల్లో దాచి లెక్కపెడితే వాళ్లు ఎమ్మెల్యేలా, సామానా?'

నాకు విప్లవాలంటే పడదు. ప్రెషర్ కుక్కరునే ఏడాది పాటు అటక మీద ఉంచి, అది పేలదని నమ్మకం కుదిరాక దించాను. కాబట్టి ఆయన మాటలు చాలావరకు నాకు నచ్చేవి. ప్రభుత్వం వీధి దీపం దాకా వస్తే చాలు, వంటింట్లోకి రానక్కర్లేదనేవారు. శీర్షిక చదివి కోపం తెచ్చుకోకు, లోపల చదివి తెచ్చుకో అని నాకు పేపరు చదవడం నేర్పింది ఆయనే. కానీ ఆయన ఏ పక్షమో మాత్రం అంతుపట్టేది కాదు. మొదటి వాక్యం చదివి మనవాడే అనుకుంటే రెండోది చెంప మీద కొట్టేది. ఒకసారి అడిగేశాను కూడా.

“నేను గోడకి ఈ పక్కనుంటాను పంతులమ్మా,” అన్నారు. “చదివేవాళ్లు ఆ పక్కనుంటారు. అంతకన్నా పక్షమెందుకు?”

అది జవాబా, తప్పించుకోవడమా? నాకు తెలియలేదు.

ఎమర్జెన్సీ వచ్చినప్పుడు ఎస్సై వచ్చి రాత చెరిపేయమన్నాడు. యజమానురాలిని అడగాలన్నారు ఈయన. అక్క బయటికొచ్చి, దానిదేముంది నాయనా అని, మర్నాటి నుంచి ఆ గోడ నిండా పిడకలు కొట్టించింది. ఆ రెండేళ్లూ వీధి వీధంతా పేడ కంపు. మా అక్క భయపడిందని నేను అనుకున్నాను, ఆయన లొంగిపోయారని వీధి అనుకుంది. ఎన్నికలు జరిగి ఢిల్లీలో ప్రభుత్వం మారాక పిడకలు రాలగొట్టి, గీకి, సున్నం కొట్టి రాశారు: 'భయం పోయింది, సంతోషం. రైళ్లు మాత్రం వేళకే రావాలి.' గెలిచిన పార్టీవాళ్లు దండ పట్టుకొచ్చారు. రెండో వాక్యం చదివి, దండ పట్టుకునే వెళ్లిపోయారు.

చౌక బియ్యం మీద రాసినప్పుడు ఇంకా రభస అయింది. 'చౌక బియ్యం ఖజానాను తినేస్తుంది. ఖజానా ఎప్పుడైనా పస్తు పడుకుందా?' ఆ ఇంటికి చేపలు తెచ్చే ఆవిడకు చదువు రాదు. ఎవరో మొదటి వాక్యం మాత్రం చదివి వినిపించారు. ఆవిడ తట్ట గుమ్మంలో దించి అక్కను పట్టుకుంది.

“సేపలకాడ బేరమాడవు గానీ, మా బియ్యం మీద ఏటమ్మా నీ ఏడుపు?”

రాసిన మనిషి లోపల పేపరు అడ్డం పెట్టుకుని కూర్చున్నారు. అక్క ఆవిణ్ణి గోడ దగ్గరికి తీసుకెళ్లి, రెండో వాక్యం వేలు పెట్టి చదివి వినిపించింది.

“అయితే రెండోది ముందు రాయించు,” అని తట్ట ఎత్తుకుంది ఆవిడ.

ఇంకొక్క సంగతి చెప్పాలి. ఊరేగింపుకి మా స్కూలు పిల్లలను పంపమని ఒక పార్టీ పెద్ద కబురు చేస్తే నేను పంపలేదు. నెల తిరక్కుండా నన్ను ఎక్కడికో బదిలీ చేయించాడు. ఆదివారం గోడ మీద అది పడుతుందని ఎదురు చూశాను. పడలేదు. ఇంటి గొడవలకు గోడ కాదమ్మా అన్నారు ఆయన. ఆయనతో మాట్లాడకూడదనుకున్నాను. కానీ సెలవు పెట్టి నాతో వచ్చింది ఆయనే. నా పరుపుచుట్ట మోస్తూ ఎలమంచిలి ప్లాట్‌ఫారం మీద, ఎంతకీ రాని పాసింజరు కోసం నిలబడి, గడియారం చూసి, “మీ అక్క రైళ్ల మాట ఊరికే అనలేదు,” అన్నారు. ఏదో మాటవరసకు అన్నారనుకున్నాను. ఆ కొత్త ఊళ్లో నాకు ఇల్లు కుదిర్చి, నూతిలో నీళ్లు రుచి చూసి, అప్పుడు వెనక్కి వెళ్లారు.

కార్యక్రమాలు ముగిసీ ముగియగానే గోడ కోసం ఇద్దరు కుర్రాళ్లు వచ్చారు. ఒకడు ఢిల్లీ పార్టీ, ఒకడు రాష్ట్ర పార్టీ. విడివిడిగా రావాలనుకున్నవాళ్లే, గుమ్మంలో ఎదురుపడ్డారు. బాబాయిగారు మనసులో మావాడేనండీ అని ఒకడు, ఆయన చివరి రోజుల్లో మా వైపు తిరిగారండీ అని ఇంకొకడు. అక్క వాళ్లిద్దరికీ కాఫీ ఇప్పించింది.

“ఆయనున్నప్పుడు అడిగారా బాబూ?”

“అడిగామండి. ఓనరమ్మగారిని అడగాలన్నారండి.”

“మరి నన్ను అడిగారా?”

కుర్రాళ్లు కాఫీ గ్లాసుల్లోకి చూసుకున్నారు. అక్క వాళ్లను ఆదివారం రమ్మంది.

వాళ్లు వెళ్లాక నేను అక్కను కోప్పడ్డాను. మొగుడు పోయాక గోడ మీద ఎవడి చెయ్యి పడితే ఆయన వాడి పార్టీ మనిషే అయిపోతారు, ఎటూ కాని మనిషికి ఒక పార్టీ అంటగడతావా, సున్నం కొట్టేసి ఊరుకో అన్నాను. అక్క బియ్యంలో రాళ్లేరుతోంది. తల ఎత్తలేదు.

“మొదటి వాక్యం ఆయనది,” అంది. “రెండోది నాది.”

నేను నోరు తెరిచాను. అది తెరవడం నాకు అలవాటే గానీ, మాట రాకపోవడం కొత్త.

“ఏటే అలా సూస్తావు? ఇన్నేళ్లు నా పేరు ఊరికే పెట్టించుకుంటానా? ఆయనొకటి సెప్పేవోరు. నాను ఒకటి సెప్పేదాన్ని. రెండూ ఉంటేనే రాయాలని ఒప్పందం.”

“మరి ఎమర్జెన్సీలో పిడకలు?”

“జైల్లో పెట్టినా సరే రాస్తానన్నారు. నా వాక్యం నాను ఇయ్యనన్నాను. రెండోది లేకుండా ఎలా రాస్తారు?”

నేనింక ఆ రోజు వేరే పని ఏదీ చేయలేదు. తెలిసిన రాతలన్నీ మళ్లీ తలుచుకుని ఇద్దరికీ పంచుకుంటూ కూర్చున్నాను. ఆయనది ఛాందసం, మా అక్కది జాలి గుండె అని తేల్చుకుందామంటే రైళ్లు అడ్డొస్తాయి. అక్కే గట్టి మనిషి అనుకుందామంటే ఖజానా పస్తు అడ్డొస్తుంది. నేను ఇన్నేళ్లు బావగారితో ఏకీభవించానో, అక్కతో ఏకీభవించానో నాకే తెలియడం లేదు. ఒకే మనిషని గౌరవించిన మనిషిలో సగం వంటింట్లో కూర్చుని రాళ్లేరుతోంది. పోయినాయన కోసం ఎంత ఏడవాలో కూడా లెక్క తప్పింది.

శనివారం అక్క నన్నడిగింది. “మొదటిది నువ్వు సెప్పు. నీకు బోల్డు అభిప్రాయాలున్నాయి కదా.”

ఉన్నాయి. వీధిలో ఎవరినైనా అడగండి. పొద్దుపోయే దాకా ఆలోచించాను. ఒక్కటీ ఆ గోడ మీద నిలబడేలా తోచలేదు. ఆయన అన్నట్టు అందామంటే దొంగతనంలా ఉంది, నాలాగా అంటే తిట్టులా ఉంది. నా వల్ల కాదన్నాను.

ఆదివారం తెల్లవారాక కోటవీధి రంగుల కొట్టు భాయి సున్నం బకెట్టు తెచ్చి, బావగారు కొట్టినట్టే చాపంత మేర కొట్టిపెట్టాడు. తను రాయనా అని అడిగాడు. వద్దని అక్క కొంగు బిగించి, కుంచె పట్టుకుంది. ఇరుగుపొరుగు చూస్తున్నారని, కార్యక్రమాలకు వచ్చి ఉండిపోయిన మా మేనత్త కూతురు గొణుగుతూనే ఉంది. అక్క పై వరస వదిలేసి, కింది వరసలో రాసింది. అక్షరాలు ఆయనవంత గుండ్రంగా రాలేదు, వంకర పోయాయి.

'అదీ నిజమే గానీ, గెలిచాక ఈ గోడలన్నీ ఎవరు కడుగుతారు?'

కుర్రాళ్లిద్దరూ చెప్పిన వేళకే వచ్చారు, చెరో కుంచె తెచ్చుకుని. షిఫ్టు దిగినవాళ్లు కొందరు క్యారేజీలతో అప్పటికే నిలబడి ఉన్నారు. ఢిల్లీ పార్టీ కుర్రాడు కింది వరస చదివి, ఏది నిజమంటండీ అని నన్నడిగాడు. తెలియదన్నాను, అది అబద్ధం కాదు. రెండోవాడు, పైన ఏదో మాకు అనుకూలంగానే ఉండాలి అన్నాడు. మీకెందుకుంటుంది అని మొదటివాడు. ఎవరూ కుంచె తడపలేదు. అందరూ మెడలెత్తి వాక్యం పైనున్న ఖాళీ చోటు వైపు చూస్తున్నారు. అక్క చేతులు కడుక్కోవడానికి లోపలికి వెళ్లింది. ఎండెక్కే కొద్దీ తడి సున్నం ఆరి, ఆ చోటు ఇంకా ఇంకా తెల్లబడుతోంది.