వెనక తలుపు పెట్టిన గూడ్సు పెట్టె

మొన్న మంగళవారం నంద్యాల నుంచి వచ్చిన మొదటి బస్సు ఆళ్లగడ్డలో ఆగీ ఆగకముందే కండక్టరు నా వడ్రంగి కొట్టం వైపు కేకేశాడు. "ఆచారీ, నీ గూడ్సు సాబు పోయినాడంట!" చేతిలో బాడిసె చేతిలోనే ఉండిపోయింది. ఆ కండక్టరుకు ఆయన ఎలా తెలుసంటే, ఐదేళ్ల కిందట ఆ మహానుభావుడు నన్ను ఒక చెక్క రైలుతో అదే బస్సులో మూడుసార్లు తిప్పాడు.

ఆయన నంద్యాల స్టేషనులో గూడ్సు గుమాస్తాగా చేసి రిటైరైనవాడు. మా చెల్లెలిది పక్కిల్లు. మా అమ్మాయి మా చెల్లెలింట్లో ఉండి టీచరు ట్రైనింగు చదివింది. పరీక్షలో పెద్దవాళ్ల ముందు పిల్లలకు పాఠం చెప్పి చూపించాలి. అప్పటికే ఒకసారి తప్పింది. ఈసారీ తప్పితే చదువు మాన్పించి ఇంటికి తెచ్చుకుందామని మా ఇంటిది తేల్చి చెప్పేసింది. అమ్మాయి "మన పత్తి ఎక్కడికి పోతుంది" అనే పాఠం ఎంచుకుని, "నాయనా, పత్తి మిల్లూ గూడ్సు బండీ చెక్కతో చేసియ్యి" అంది.

నేను అయిదో తరగతి చదివిన వడ్రంగిని. నలభై ఏళ్లుగా ఎద్దుల బండ్లు చేస్తున్నాను. ఆళ్లగడ్డకు రైలు లేదు. గూడ్సును దూరం నుంచి చూడటమే. మిల్లు ఒక పూటలో అయిపోయింది, బండితోనే చిక్కు. అయినా బిడ్డ అడిగిందన్న సంబరంతో ఆరు పెట్టెలు చేశాను. ఒకటి నూనె ట్యాంకు, ఒకటి గొడ్లను ఎక్కించేది, ఒకటి దుంగలది. ఒకదానికైతే పక్కలకు చిలకల జంటలు చెక్కాను. ఒక్కోదానికి ఒక్కో రంగు. పాఠానికి ఇంకా పది రోజులుంది.

నంద్యాలకు తీసుకుపోతే, సాబు తన అరుగు మీద వాటిని వరసగా పెట్టి చూశాడు.

"ఏందప్పా ఇది, తిరనాళ్లా?"

"ఏమైంది సాబూ?"

"నూనె ట్యాంకు పత్తి మిల్లుకు ఎందుకొస్తాది?"

"చూసేదానికి బాగుంటాదని పెట్టినా."

"బాగుంటాదని రైల్వేవాళ్లు పంపరప్పా. సరుకును చూసి పెట్టె, పెట్టెను చూసి సరుకు కాదు. మిల్లు లోపలికి ఏమొస్తాది, బయటికి ఏం పోతాది? ముందు అది చెప్పు."

నాకు తెలిస్తే కదా! అంతటితో వదిలాడా? కండ్లద్దాలు సర్దుకుని చిలకల పెట్టె చేతిలోకి తీసుకున్నాడు.

"తలుపు ఎనక పెట్టినావే?"

"బండికి ఎనక గాక యాడ పెడతారు?"

"ఎనక ఇంకో పెట్టె తగిలించి ఉంటాది గదప్పా! పత్తి బేళ్లు ఆకాశంలోంచి దించుతావా?"

గడపలో మా చెల్లెలు పకపకా నవ్వింది. నాకు మొహం చెల్లలేదు. పైగా ఆ పెట్టెను ఆయనే ఉంచేసుకున్నాడు. "ఇది నీ దగ్గరుంటే నీకు మళ్లీ ఆశ పుడతాది" అన్నాడు.

రెండోసారి పెట్టెల మొహమే చూడలేదు. నన్ను గూడ్సు షెడ్డుకు తీసుకుపోయి పొద్దంతా ఎండలో నిలబెట్టాడు. "ఏమొస్తాండాయో, ఏం పోతాండాయో చూడు" అన్నాడు. పైకప్పున్న పెట్టెలు ఖాళీగా వచ్చి పత్తి బేళ్లతో పోయాయి. పైకప్పు లేనిది ఒకటి మిల్లు బాయిలరుకు రాక్షసిబొగ్గు తెచ్చింది. అంతే! ట్యాంకు లేదు, గొడ్లు లేవు. అన్నిటికీ తుప్పు లాంటి ఒకే రంగు. పక్క పట్టాల మీద ఒంటరి పెట్టెకు "మరమ్మతుకు" అని చీటీ అంటించి ఉంది. అదేమిటోనని చేయి పెట్టబోయాను.

"ముట్టుకోవద్దప్పా! చీటీ అంటించినోడే మళ్లా చూసి, బాగుందని పీకాల. అంతదాకా అది కదలదు."

మూడోసారి, పాఠానికి రెండు రోజుల ముందు, పైకప్పున్నవి నాలుగు, బొగ్గుది ఒకటి తీసుకుపోయాను. తలుపులన్నీ పక్కకే. ఇప్పుడైనా మెచ్చుకుంటాడని కాచుకున్నాను.

"ఒకదాని తలుపు సగం తెరిచిపెట్టు. లోపల ఏమీ ఉండగూడదు."

"ఖాళీ పెట్టెను ఎవరు చూస్తారు సాబూ? నా ప్రాణం తీస్తాండావ్!"

"ఖాళీగా వచ్చేదే పత్తి కోసరమప్పా. బేగా చాయ్ తాగు, చల్లారతాంది."

మేకులు కొట్టేసిన తలుపును ఆయన అరుగు మీదే కూర్చుని ఊడదీశాను. లోలోపల ఎన్ని తిట్టుకున్నానో ఆ దేవుడికే తెలుసు.

పాఠం రోజున పరీక్షాధికారి ఆ పెట్టె మీదే వేలు పెట్టి, "ఇది ఖాళీగా ఉందేం?" అని పిల్లలను అడిగాడట. మా అమ్మాయి తాను చెప్పకుండా పిల్లల వైపే చూసిందట. రెండో వరసలోని చిన్న పిల్ల లేచి, "మన పత్తి కోసరం వచ్చింది సార్" అందట. మా అమ్మాయి పాసయింది! ఇప్పుడు శిరివెళ్లలో టీచరమ్మ! ఈ మాట రాస్తుంటే నాకు అక్షరాలు కూడా ఆనందంగా కనిపిస్తున్నాయి. ఆ రోజు మిఠాయి పట్టుకుని పరుగున వెళ్లి సాబు చేతులు పట్టుకున్నాను. ఆయన ఏమన్నాడో తెలుసా? "బొగ్గు పెట్టెకు రంగు కొంచెం ఎక్కువైందప్పా."

మొన్న వెళ్లేసరికి మట్టి కార్యం అయిపోయింది. ఆయన భార్య గూట్లోంచి నా చిలకల పెట్టె తెచ్చి చేతిలో పెట్టింది. లోపల ఆయన కండ్లద్దాలున్నాయి. "రోజూ దీంట్లోనే పెట్టుకుంటాండె అన్నా. నీదే, తీసుకుపో" అంది. అద్దాలు ఆమెకే ఇచ్చి పెట్టెను తిప్పి చూశాను. పైకప్పు మీద చిన్న కాగితం, ఆయన చేతిరాత: "మరమ్మతుకు". ఐదేళ్లు వాడుకుని కూడా నా పెట్టెను ఒప్పుకోలేదు! చావు ఇంట్లో నవ్వొచ్చింది. ఆ తల్లీ నవ్వింది. తర్వాత ఇద్దరం ఏడ్చాం.

నిన్న కొట్టంలో వెనక తలుపుకు మేకులు కొట్టేశాను. చిలకల మధ్యలో ఉలి పెట్టి, పక్కకు తలుపు కోశాను. చిలకలు చెరో వైపుకు వెళ్లాయి. తలుపు సగం తెరిచి, లోపల ఏమీ పెట్టకుండా, బల్ల మీద ఉంచాను. చీటీ మాత్రం నేను పీకలేదు. నంద్యాల బస్సు పోయినప్పుడల్లా దాని అంచు గాలికి లేచి మళ్లీ పడుతోంది.