శుక్రవారం జవాబు చెప్పే మనిషి

కైరోకి దూరంగా ఒక ఊళ్ళో, పాత చర్చిని మూసేయడానికి ఇంజనీరు రఫ్లా కొత్త తాళం పట్టుకొచ్చిన రోజున బఖూమ్ దాని గుమ్మానికి అడ్డంగా కూర్చున్నాడు. ఖర్జూర మట్టలతో పళ్ళ బుట్టలు అల్లి బతికే మనిషి, లేవమంటే లేస్తాడా? ఎదురింటి మహ్రూసా పప్పులో రాళ్ళు ఏరుకుంటూ అంతా చూసింది.

"గోడలు ఉప్పు కక్కుతున్నాయి, బాబాయ్. ఏ రోజో నెత్తిన పడతాయి. రోడ్డు మీద పాలరాతి చర్చి కట్టించాం కదా, అక్కడికి రా," అన్నాడు రఫ్లా.

"నీ బాప్తిస్మం ఇక్కడే అయింది నాయనా. తొట్టిలో నీళ్ళన్నీ పాడు చేశావు, మీ అమ్మ సిగ్గుతో చచ్చింది. నీ ఏడుపుకి కూలని గోడ ఇప్పుడు కూలుతుందా?"

వీధంతా నవ్వింది. రఫ్లా తాళం జేబులో వేసుకున్నాడు. పూజ చేసే ఫాదరు, అబూనా సెరబామూన్, గడ్డం నిమురుకుంటూ తీర్పు చెప్పాడు. "సరే, శుక్రవారం పూజ ఇక్కడే. ఏ శుక్రవారం జనం రారో, ఆ రోజే తాళం."

బఖూమ్ గెలిచాడు గానీ ఆ గెలుపే మెడకు చుట్టుకుంది.

తాతల నాడు ఆ పాత చర్చి వీధికి సమంగా ఉండేదట. వరద మట్టి మీద మట్టి, కూలిన ఇళ్ళ మీద ఇళ్ళు లేచి ఊరు పైకి పోయింది, చర్చి మాత్రం కిందే ఉండిపోయింది. బావిలోకి దిగినట్టు మెట్లు దిగాలి. కలరా వచ్చిన ఏడాది దిక్కులేని రోగులందరినీ దాని గుమ్మటం కిందే పడుకోబెట్టారు. నది మీద ఆనకట్ట కట్టాక నేలలో నీరు పైకొచ్చి గోడలకు ఉప్పు పట్టింది. బఖూమ్ వారం వారం ఊడ్చి ఎత్తిపోస్తాడు. మళ్ళీ పడుతుంది.

మొదట్లో పంతానికి అందరూ దిగారు. తరవాత కొందరు చచ్చారు, కొందరు కైరో పోయారు, మిగిలినవాళ్ళు ఫ్యాన్లున్న పాలరాతి చర్చికి పోయారు. మహ్రూసా కూడా అంతే. అక్కడ కుర్చీలున్నాయి, మోకాళ్ళకు సుఖం. చివరికి బఖూమ్ ఒక్కడే మిగిలాడు. అబూనా ప్రార్థన చదువుతాడు, జనం చెప్పాల్సిన జవాబు బఖూమ్ చెబుతాడు. జవాబు చెప్పే నోరు లేనిదే పూజ సాగదు, అది పెద్దల నాటి కట్టడి. జ్వరమొచ్చినా దిగాడు. భార్యను పాతిపెట్టిన మర్నాడూ దిగాడు.

ఈ చలికాలం ఊపిరందక మంచం పట్టాడు. మహ్రూసా పప్పు జావ తెచ్చింది.

"ఎల్లుండి శుక్రవారం," అన్నాడు.

"అయితే? నిన్ను చంకనెత్తుకోమంటావా? ఇన్నేళ్ళు చేసింది చాలదూ. తాళం వేస్తే వేసుకోనీ."

"నేనూ అదే అనుకుంటా, మహ్రూసక్కా. అలిసిపోయా. కళ్ళు మూస్తే చాలు, అబూనా చదివి ఆగినట్టు, జవాబు కోసం చూస్తున్నట్టు ఉంటుంది. నిద్ర పట్టదు."

"నాకెందుకు చెబుతావు? నాకా పాత భాష ప్రార్థన ఒక్క ముక్క రాదు."

"నువ్వు తిడితే వీధి చివరిదాకా వినబడుతుంది. అంత నోరు చాలు." దగ్గు ఆగేదాకా ఆమె చెయ్యి వదల్లేదు. "ఆయన ఆగిన చోటల్లా 'దయ చూడు స్వామీ' అను. మన మాటల్లోనే అను, ఆయన సర్దుకుంటాడు. మెట్ల దగ్గర కుడి గోడ పట్టుకో, ఎడమది రాలుతోంది. ఈ ఒక్క శుక్రవారం వెళ్ళిరా అక్కా."