పబ్బులో ప్రార్థన

"మమ్మీ, ఇంటికి తీసుకొస్తే పక్కింటివాళ్ళు చూస్తారు. హోటల్‌కెళ్తే సంఘంవాళ్ళు తగులుతారు. పబ్బుకైతే మనవాళ్ళెవరూ రారు," అంది నా కూతురు. దాని తెలివి తెల్లారినట్టే ఉంది. ఆ పబ్బు ఉన్నది మోండా మార్కెట్‌లో. శనివారం వచ్చిందంటే మా చర్చిలో సగం మంది కూరగాయలకు చేరేది అక్కడికే.

చూడాల్సింది దాని ఆఫీసులో పనిచేసే అబ్బాయిని. కోస్తా నుంచి వచ్చి బోయిన్‌పల్లిలో మిర్చి వ్యాపారంలో స్థిరపడిన హిందువుల పిల్లాడు. "మా పెళ్ళికి అవునో కాదో ఇవాళ అక్కడే చెప్పెయ్. ఇంక నాన్చకు," అని ఆటోలోనే షరతు పెట్టింది. కాదంటే అది నాకు దక్కదు. అవునందామంటే మావారు ఏమనేవారో తెలీదు. అడుగుదామంటే ఆయన పోయి ఏడాది దాటింది.

ఆటో దిగానో లేదో, ఎప్పుడూ నాకు ఆకుకూరలిచ్చే ఆమె కేకేసింది. "ఏందీ టీచరమ్మా, సంచి లేకుండ వచ్చినవ్? గిటెటు పోతున్నవ్?"

"ఊరికేనమ్మా, చిన్న పనుంది," అన్నాను. గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టు, ఆమె అడక్కుండానే "తాగడానికి కాదులే" అని కూడా అనబోయి ఆగాను.

పాత రాతి గోదామునే పబ్బు చేశారు. లోపల నల్లటి చెక్క గోడలు, ఇత్తడి కుళాయిలు, పట్టపగలే దీపాలు. ఇంగ్లండులో ఇలాగే ఉంటాయట. కిటికీలోంచి మాత్రం మన ఉల్లిపాయల బస్తాలే కనిపిస్తున్నాయి. కాలుగాలిన పిల్లిలా ఒక బల్ల కాదని ఇంకో బల్లకి, అదీ కాదని మూలకి మారాను. ఎక్కడ కూర్చున్నా బజారంతా నన్నే చూస్తున్నట్టుంది. మాకంటే ముందే వచ్చి కూర్చున్న ఆ అబ్బాయి, నేను లేచినప్పుడల్లా తన నీళ్ళ గ్లాసు పట్టుకుని లేచాడు. విసుక్కోలేదు. విసుక్కున్నా బాగుండేది, కాదనడానికి ఒక కారణం దొరికేది.

చేప వేపుడు, బంగాళాదుంప ముక్కలు, పచ్చ బఠాణీల ముద్ద పొగలు కక్కుతూ వచ్చాయి.

మా ఇంట్లో ప్రార్థన కాందే ముద్ద ముట్టం. చేసేది ఎప్పుడూ ఆయనే. చివర్లో "మా ముగ్గురినీ ఒక్క బల్ల దగ్గర కూర్చోబెట్టు తండ్రీ" అనేవారు, ఏనాడూ మాట మార్చకుండా. ఆయన పోయాక నేను చెయ్యబోతే 'ముగ్గురినీ' దగ్గర ఆగిపోయేదాన్ని. అప్పట్నుంచి ఎవరి మనసులో వాళ్ళం అనుకుని తినేస్తున్నాం. ఆ రోజూ అంతే. గబగబా లోపలే ఏదో గొణుక్కుని ఫోర్కు అందుకున్నాను. అబ్బాయి మాత్రం పళ్ళెం ముట్టలేదు.

"ఏం బాబూ, నచ్చలేదా?"

"అది కాదండి ఆంటీ. ప్రార్థన అయ్యాకే తింటారని తను చెప్పింది. మీరు మొదలెడతారేమోనని..." హెడ్మాస్టరు ఎదుట పిల్లాడిలా చేతులు కట్టుకుని కూర్చున్నాడు.

నా కూతురి మీద ఒళ్ళు మండింది. ఇంటి సంగతులన్నీ చెప్పేసిందన్నమాట. పక్క బల్ల దగ్గర బీరు గ్లాసులు ఖంగుమంటున్నాయి.

"ఇక్కడా?" అన్నాను.

"మీ ఇష్టమండి. నేను ఆగుతాను."

చేప చల్లారిపోతోంది. ఫోర్కు కింద పెట్టి కళ్ళు మూసుకున్నాను. "ప్రేమగల తండ్రీ..." అన్నాను, పైకే. పక్క బల్లవాళ్ళ నవ్వులు ఆగిపోయాయి. సిగ్గేసింది, అయినా మానలేదు. ఆహారానికి స్తోత్రం చెప్పాను. వండిన చేతుల్ని దీవించమన్నాను. ఆ మాట దగ్గరికి వస్తున్నానని నాకు తెలుస్తూనే ఉంది.

"మా ముగ్గురినీ ఒక్క బల్ల దగ్గర కూర్చోబెట్టు తండ్రీ, ఆమెన్."

అబ్బాయి ఆమెన్ కాస్త ఆలస్యంగా వినిపించింది. నా కూతురి ఆమెన్ అసలు వినిపించలేదు. కళ్ళు తెరిస్తే అది ఏడుస్తోంది.

"ఏమన్నావో తెలుసా మమ్మీ?"

"తెలుసు. చల్లారకముందే తినండి," అన్నాను.