అప్పన్నకిచ్చిన జుట్టు

గజపతినగరంలో దేవేంద్రను ఎరగనివాళ్లు ఉండొచ్చేమో గానీ, దేవేంద్ర జుట్టును ఎరగనివాళ్లు లేరు. విప్పితే నడుందాకా వచ్చేది. వయసు ముప్పై ఎనిమిది, ప్రైవేటు స్కూల్లో గుమాస్తా పని, ఇంట్లో తల్లి, పెళ్లాం, తొమ్మిదేళ్ల కూతురు. ఇంత సంసారం ఉన్న మగవాడికి అంత జుట్టేమిటని కొత్తవాళ్లు నోరెళ్లబెడితే, ఊళ్లోవాళ్లే లెంపలేసుకుని సమాధానం చెప్పేవారు: "సింహాద్రప్పన్న మొక్కు బాబూ, నవ్వకూడదు."

మొక్కూ లేదు, మట్టీ లేదు. అది రాక్ మ్యూజిక్ జుట్టు. విజయనగరంలో డిగ్రీ చదివే రోజుల్లో నలుగురు కుర్రాళ్లు కలిసి 'కారుమబ్బు' అని ఒక బ్యాండు కట్టారు. నల్ల టీషర్టులు, చెవులు చిల్లులు పడే గిటార్లు, మన యాసలోనే గొంతు చించుకునే పాటలు. వీణలూ వయొలిన్లూ విని పెరిగిన పెద్దలు వీళ్లకు పిచ్చెక్కిందనుకున్నారు. వీళ్లకు కావలసిందీ అదే. తల ఊపితే జుట్టు ముఖాన పడి లేవాలి, లేకపోతే ఆ పాట పాటే కాదని వాళ్ల సిద్ధాంతం.

కొడుకు పిలకతో ఇంటికొస్తే వీధి వీధంతా నవ్వింది. "ఏటే దేముడమ్మా, నీ కొడుక్కి పూలెట్టి పంపుతావేటి?" అని ఎదురింటావిడ అడిగేసరికి తల్లికి తల కొట్టేసినట్టయింది. నోటికొచ్చింది అనేసింది: "అప్పన్న మొక్కే. తీరేదాకా కత్తెరెట్టకూడదు." ఆ దెబ్బతో అందరి నోళ్లూ మూతపడ్డాయి. దేవేంద్ర పడీపడీ నవ్వాడు. తర్వాత స్కూల్లో ఉద్యోగం ఇచ్చిన ప్రిన్సిపాలు కూడా మొక్కు మాట వినగానే రెండు చేతులూ జోడించాడు. ఎవరి పుణ్యమైతేనేం, జుట్టు దక్కింది.

తక్కినవాళ్లకు అలాంటి దేవుడు దొరకలేదు. డ్రమ్ములు కొట్టే ఉపేంద్రకు కానిస్టేబులు ఉద్యోగం వచ్చింది, జుట్టు పోయింది. బేస్ గిటారు గిరిబాబు పెళ్లిచూపుల కోసం కత్తిరించుకున్నాడు. ఆ తర్వాత ఎరువుల కొట్టు, బట్టతల. పాడే వినోద్ ఏటా మాల వేసుకుని భజనల్లో దుమ్ము లేపుతున్నాడు. ఆ అరుపు అక్కడ బాగానే పనికొచ్చింది. దేవేంద్ర ఒక్కడే మిగిలాడు. గిటారు మీద ఎప్పుడూ బట్ట కప్పే ఉండేది. అయినా పొద్దున్నే అద్దం ముందు జుట్టు ముడేసుకున్నప్పుడల్లా తనింకా 'కారుమబ్బు' మనిషినేనని ధైర్యంగా ఉండేది.

మొన్న కార్తీకంలో కబురొచ్చింది. కాలేజీలో పాత విద్యార్థుల సభ, డిసెంబరు ఇరవై, నలుగురూ కలిసి ఒక పాట వాయించాలి. పద్నాలుగేళ్ల తర్వాత గిరిబాబు గోడౌన్లో, యూరియా బస్తాల మధ్య, నలుగురూ మళ్లీ నిలబడ్డారు. పొట్టలు ముందుకొచ్చాయి, ఊపిరి వెనక్కి పోయింది. ఉపేంద్ర ఆయాసపడుతూ, "మమ్మల్నెవడు సూస్తాడ్రా, నీ జుట్టుంది గాబట్టి సరిపోనాది," అన్నాడు. ఆ ఆదివారం దేవేంద్ర ఇరవై ఏళ్లవాడై ఇంటికొచ్చాడు.

వచ్చేసరికి కూతురు కౌముదికి ఒళ్లు కాలిపోతోంది. టైఫాయిడ్ అన్నారు. పగలు తగ్గిన జ్వరం సాయంత్రానికి మళ్లీ ఎక్కేది. తొమ్మిదో రోజున ఆసుపత్రి వరండాలో దేముడమ్మ కొడుకు చెయ్యి పట్టుకుంది.

"ఒరే, తప్పయిపోనాది. ఆ మొక్కు తీర్సీయాల."

"ఏటి మొక్కే అమ్మా? నువ్వే గదా అబద్ధమాడినావు."

"ఆడినాను. దేవుడి పేరు సెప్పి అబద్ధమాడినానని బయమేసి, ఆ సందేళే దీపమెట్టి నిజంగా మొక్కీసినాను. నా కొడుకు ఆ పిచ్చి పాటలు ఒగ్గీసి మనిసైతే తలనీలాలు ఇప్పిస్తానన్నాను. నువ్వొగ్గీసి పదేళ్లు దాటిపోనాది. నానే ఆలీసం సేసినాను. ఆయన ఊరుకుంటాడేటి?"

పాట కోసమనుకుని పద్దెనిమిదేళ్లు పెంచిన జుట్టు, పాట చావాలన్న మొక్కుకే పెరిగిందన్నమాట.

"నానెప్పుడొగ్గీసినానే?" అన్నాడు దేవేంద్ర.

తల్లి అర్థంకానట్టు చూసింది. అతను భార్య వైపు తిరిగాడు. ఈశ్వరి మేనమామ కూతురు. ఆ జుట్టు చూసే మనసుపడి చేసుకున్న మనిషి.

"నానివన్నీ నమ్మను బావా," అందామె. "కానీ మన గుంటకేటైనా అయితే, నీ జుట్టు సూసినప్పుడల్లా నాకదే గుర్తొస్తాది. నీకు రాదా?"

"ఇరవయ్యో తారీకు అయిపోనాక..."

"అప్పటిదాకా ఈ జరం ఆగుతాదా?"

నమ్మనివాడికీ భయం ఉంటుంది. కన్నవాడికైతే మరీ ఉంటుంది. ముందు నుయ్యి, వెనక గొయ్యి. మర్నాడు తెల్లారి బస్సుకే దేవేంద్ర సింహాచలం వెళ్లాడు. మంగలి నెత్తి తడుపుతూ, "పెద్ద మొక్కేనా బాబూ?" అని అడిగాడు. "పెద్దదే," అన్నాడు. నాలుగు నిమిషాల్లో అయిపోయింది. నున్నటి తలకు గంధం రాస్తుంటే చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. పక్కవాళ్లు భక్తి అనుకున్నారు.

జ్వరం తగ్గింది. మందుల వల్లనని డాక్టరు అన్నాడు, అప్పన్న వల్లనని ఊరంది.

సభకు రానంటే మిత్రులు ఊరుకోలేదు. ఇంటికొచ్చి లాక్కెళ్లారు. "గుండైతే ఏటిరా, నా తలకంటే నీదే మెరుస్తన్నాది," అన్నాడు గిరిబాబు. దేవేంద్ర స్టేజీ ఎక్కి గిటారు తగిలించుకున్నాడు. ఈలలు పడ్డాయి. ఉపేంద్ర డ్రమ్ములు అందుకున్నాడు, వినోద్ గొంతు లేచింది. దేవేంద్ర వేళ్లు తీగల దాకా వెళ్లి ఆగిపోయాయి. పాటలు మానేశానని తల ఇచ్చి పది రోజులైంది. ఇప్పుడు ఒక్క తీగ మోగినా ఆ మాట అబద్ధమైపోతుంది. కౌముది ఈ పూటే కాస్త పెరుగన్నం తింది.

గిటారు వినపడటం లేదని సౌండు చూసేవాడు దాని బొత్తాం చివరికంటా తిప్పాడు. గిరిబాబు దగ్గరకొచ్చి చెవిలో అరిచాడు: "వాయించరా! వైరూడిపోనాదేటి?"

దేవేంద్ర అరచెయ్యి వెడల్పుగా పరిచి, పొరపాటున కూడా మోగకుండా తీగలన్నిటినీ అదిమిపట్టాడు.

"గుంట బాగుండాల గదరా," అన్నాడు. డ్రమ్ముల హోరులో ఆ మాట ఎవరికీ వినపడలేదు.