పేపరమ్మ గుమ్మం ముందు చదివిన తప్పు

మా అమ్మమ్మ తుమ్మితే మున్సిపల్ చైర్మన్ ముక్కు తుడుచుకుంటాడు. ఆమె కళ్లజోడు సర్దుకుంటే చాలు, ఆఫీసుల్లో అటకెక్కిన ఫైళ్లు వాటంతటవే దిగివచ్చి బల్లల మీద కూర్చుంటాయి. ఇదంతా నా కల్పన అని మావయ్య అంటాడు. అననీ. ఆయన మా పేపరుకు ప్రకటనలు తెచ్చే మనిషి. డబ్బు తీసుకోకుండా పొగిడేవాళ్లంటే ఆయనకు గిట్టదు.

పేపరంటే మరీ పెద్దదేం కాదు, వారానికోసారి వచ్చే నాలుగు పేజీలు. ఇంటి ముందుగది ఆఫీసు, వెనక షెడ్డులో అచ్చు మిషను. మిషను తిరుగుతుంటే వంటింట్లో గిన్నెలు కూడా వణుకుతాయి. తాతయ్య పోయాక ఇక పేపరు మూతపడుతుందని జాలి పడ్డవాళ్లందరి ఇళ్లకూ ఆ వారం సంచిక ఠంచనుగా వెళ్లింది. ఆనాటి నుంచి ఊరు ఆమెకు పేపరమ్మ అని పేరు పెట్టింది.

పేపరమ్మకు రెండు పట్టుదలలున్నాయి. ఎవరి మీద రాసినా ముందు ఆ మనిషిని కలిసి అడగాలి. తప్పు పడితే, ఏ పేజీలో పడిందో ఆ పేజీలోనే, అంతే లావు అక్షరాల్లో దిద్దుకోవాలి. దిద్దుకోవడమంటే అచ్చువేసి చేతులు దులుపుకోవడం కాదు. ఆ మనిషి గుమ్మం ముందు నిలబడి, వీధికంతా వినపడేలా తనే చదువుతుంది. ఒకసారి పెళ్లివార్తలో పెళ్లికొడుకు ఫోటోకి బదులు తోడల్లుడి ఫోటో పడితే, ఆ ఇంటిముందు అలాగే చదివి, అందరినీ నవ్వించి, వాళ్లింట్లోనే కాఫీ తాగి మరీ వచ్చింది.

ఆ ఎండాకాలం మాత్రం నవ్వులాటగా గడవలేదు.

మా పేట కుళాయిలు ఎండిపోయిన రోజులవి. ఓ ఉదయం పేపరమ్మ నడకకు వెళ్లి, నీళ్లు వదిలే వాల్వు మనిషి మా పేట వాల్వు కట్టేసి, ఐసు ఫ్యాక్టరీ వైపు తిప్పడం కళ్లారా చూసింది. ఇంటికొచ్చి చెప్పులైనా విప్పకుండా రాసేసింది: మన నీళ్లు అమ్ముకుంటున్నది ఈయనే.

"ఆయన్ని అడిగావా అమ్మా?" అన్నాడు మావయ్య.

"నా కళ్లతో చూశాన్రా. ఇంకా అడిగేదేముంది?"

ఎవరి మాటా అడక్కుండా నమ్మని మనిషి, తన కళ్లను మాత్రం ఒక్క ప్రశ్నయినా అడగలేదు.

సంచిక వేడివేడిగా అమ్ముడైంది. వాల్వు మనిషిని ఉద్యోగంలోంచి పక్కన పెట్టారు. ఆ మర్నాడు ఆయన భార్య ముందుగదిలోకొచ్చింది. కూర్చోమంటే కూర్చోలేదు.

"మీ వంతు రోజు నీళ్లు ఆలస్యమైతే మా ఇంటికొచ్చి తలుపు కొట్టేదానివి కదమ్మా! ఇంత రాసేముందు మా గుమ్మం గుర్తు రాలేదా? చైర్మన్‌గారు ఫోన్ చేసి తిప్పమంటే తిప్పాడు. కాదంటే అప్పుడే ఉద్యోగం ఊడేది. ఇప్పుడు నీ చేత ఊడింది, అంతేగా తేడా!"

పేపరమ్మ చెప్పులు తొడుక్కుని బయల్దేరింది.

ఈసారి అడగాల్సినవాళ్లందరినీ అడిగింది. సాయంత్రం డ్యూటీ చేసే ఇంకో వాల్వు మనిషి కాసేపు నసిగి, "నాకూ అదే ఫోనమ్మా. నా పేరు వేసుకో, పోయేదేదో ఇద్దరికీ కలిసే పోతుంది" అన్నాడు. ఫ్యాక్టరీ మేనేజరు, నీళ్లిప్పించమని చైర్మన్‌ని అడిగిన మాట నిజమేనన్నాడు. చివరికి చైర్మన్ గదికే వెళ్లింది. ఆయన తీరిగ్గా నవ్వాడు.

"వాడే దొంగని మీరే రాశారు కదండీ. మీ పేపరు చదివే నేను వాణ్ణి తీసేశాను. ఇప్పుడు మీరే మాట మారిస్తే రేపు మిమ్మల్ని నమ్మేదెవరు? పెద్దవారు, పరువు చూసుకోండి."

"నా పరువు సంగతి నేను చూసుకుంటాలే బాబూ. ఫోన్ చేశావా లేదా, అది చెప్పు."

"నాకు గుర్తులేదు."

"సరే, అదే వేస్తాను."

ఇంట్లో మావయ్య తల పట్టుకున్నాడు. "అమ్మా, దిద్దుబాటు వెయ్. వద్దన్నానా? మూడో పేజీలో, సబ్బు ప్రకటన కింద వెయ్. మున్సిపాలిటీ ప్రకటనలు పోతే మనం నాలుగు పేజీలు నడపలేం."

"ఆయన్ని దొంగని ఎక్కడన్నాం?"

"మొదటి పేజీలో."

"మరి దొంగ కాదని సబ్బు కింద చెబుతావుట్రా? రెండు పేజీలే నడుపుదాం. ఉన్న రెండూ నిజమైతే చాలు."

అలా ఆ వారం మొదటి పేజీ నెత్తిమీద, పాత అక్షరాలంత లావున పడింది: మేం తప్పు రాశాం. దాని కింద ఆ ఫోన్ సంగతి, ఇంకో వాల్వు మనిషి మాట, మేనేజరు మాట, చైర్మన్ గుర్తులేనితనం అన్నీ వరసగా ఉన్నాయి. అన్నిటికంటే ముందు, తను అడక్కుండా రాసిన సంగతి ఉంది.

పేపరు పట్టుకుని వాల్వు మనిషి గుమ్మం ముందుకెళ్లి గొంతెత్తింది. వీధి వీధంతా మూగింది. తలుపు మాత్రం తెరుచుకోలేదు. గుంపులోంచి చైర్మన్ మనిషొకడు అరిచాడు.

"పోయినవారం ఒకటి, ఈవారం ఒకటి! రేపొచ్చి ఇదీ తప్పేనంటావా?"

"తప్పయితే అంటాను. ఇక్కడికే వచ్చి అంటాను. మీ చైర్మన్‌ని కూడా తీసుకురా, పక్కన నిలబడి ఆయన తప్పు ఆయన చదువుతాడు. గొంతు పోతే మంచినీళ్లు నేనిస్తాను, కుళాయిలో వస్తే!"

వీధి ఘొల్లుమంది. ఆ నవ్వు తగ్గేదాకా ఆగి, వదిలేసిన వాక్యం దగ్గర మళ్లీ మొదలుపెట్టి ఆఖరుదాకా చదివింది.

ప్రకటనలు పోయాయి. పేపరు రెండు పేజీలైంది. వీధివాళ్లు గుంపుగా వెళ్లి మున్సిపాలిటీ మెట్ల మీద కూర్చున్నాక వాల్వు మనిషి మళ్లీ పనిలో చేరాడు, మా పేటకు నీళ్లొచ్చాయి. ఆయన మాత్రం మా పేపరు కొనడు, పేపరమ్మ ఎదురైతే రోడ్డు దాటి అవతలికి పోతాడు. నమస్కారమైనా పెట్టడు.

మొన్న ఉండబట్టలేక అడిగేశాను. "అంత మందిలో తల వంచుకుని చదివావు, ఉన్న ప్రకటనలూ పోగొట్టుకున్నావు. ఆయన నీ మొహమైనా చూడటం లేదు. ఏం సాధించావే అమ్మమ్మా?"

ఆమె ప్రూఫు కాగితం మీంచి తలెత్తనైనా లేదు.

"నేను తల వంచలేదు, కాగితం కిందుంటే చూశాను. ఇక ఆయనంటావా, నమ్మాలో వద్దో ఆయనిష్టం. నమ్మి తీరాలనడానికి నేనెవర్తిని? అడ్డు లే, వెలుతురు రావట్లేదు."