చులకని తిండి

పిన్నికి కోపం వస్తే గొంతు తగ్గుతుంది. అరుస్తున్నంతసేపూ భయం అక్కర్లేదు, ఆ అరుపుల్లో సగం ముద్దే. అదే గొంతు తగ్గించి, చేతులు తుడుచుకుని, “ఏమన్నారూ?” అని నెమ్మదిగా అడిగిందా, అవతలివాడు అన్న మాట వెనక్కి తీసుకోవడానికి దారి వెతుక్కోవలసిందే. ఆ బైండింగు షెడ్డులో చీమకైనా తెలిసిన సంగతి ఇది. తెలియనిది కొత్త మేనేజరు ఒక్కడికే. పాపం, అప్పటికి ఆయన వచ్చి నెల కూడా కాలేదు.

షెడ్డంటే బడిపిల్లల పుస్తకాలు తయారయ్యే చోటు. అచ్చయిన కాగితాలు ఒక తలుపులోంచి లోపలికి వస్తాయి. పద్నాలుగు మంది ఆడవాళ్లు వరసగా కూర్చుని వాటిని మడతలు పెడతారు. పక్కవాళ్లు కుడతారు, ఆ పక్కవాళ్లు జిగురు రాసి అట్టలు వేస్తారు. చివరికి కోత మిషను కింద మూడు అంచులూ తెగితే పుస్తకమనే ఆకారం వచ్చి ఇంకో తలుపులోంచి వెళ్లిపోతుంది. గోడౌనుకి ఆనుకుని ఒక ఇరుకు గది ఉంది. అందులో ఒక పొయ్యి, గోడవారగా రెండు పొడుగాటి బెంచీలు. అది పిన్ని రాజ్యం. గుమాస్తా దగ్గర్నుంచి గేటు దాకా అందరికీ ఆవిడ పిన్నే. అసలు పేరు జీతాల పుస్తకంలో ఎక్కడో ఉంటుంది, ఎవరికి కావాలది?

ఆ రాజ్యంలో చిరుతిండికి ఒకటే శాస్త్రం: వేళ్లకి అంటకూడదు. జిడ్డువేలు తగిలితే కాగితం మీద మచ్చ పడుతుంది. ఆ మచ్చ ఏ పిల్లో పుస్తకం తెరిచేదాకా పోదు, తెరిచాకా పోదు. అందుకని పిన్ని కాఫీలోకి పెట్టేవన్నీ పొడివే. వేయించిన సెనగలు, మరమరాలు, పెనం మీద ఎర్రగా కాల్చిన రొట్టెముక్కలు, మనసు బాగున్న రోజున మొక్కజొన్న పేలాలు. తిన్నట్టు నోటికి తెలియాలి, కడుపుకి తెలియకూడదు, కాగితానికి అసలే తెలియకూడదు. సాయంత్రం పూట కడుపు బరువెక్కితే అందరూ మడతల మీదే కునుకు తీస్తారని ఆవిడ వాదన. కాఫీ మాత్రం చిక్కగా ఉండాలి. “కాఫీ పల్చనైతే పెట్టినవాళ్లు పల్చనవుతారు” అంటుంది.

నాలుగింటికి గంట కొడతారు. కోత మిషను స్విచ్చి కిందికి పడుతుంది, కుట్టు మిషన్లు ఆగుతాయి. అందరూ చేతులు కడుక్కుని వచ్చి బెంచీల మీద సర్దుకుని కూర్చుంటారు. పావుగంట. గొడవంతా వచ్చి ఆ పావుగంట మీదే పడింది.

ఒక సోమవారం పొద్దున గోడ మీద నోటీసు అంటించారు. రాసింది హెడ్ గుమాస్తా. ఆయనకి భాషాభిమానం కాస్త జాస్తి, తుమ్మినా గ్రాంథికంలోనే తుమ్ముతాడని షెడ్డులో చెప్పుకుంటారు. మేనేజరు చెప్పిన నాలుగు ముక్కలు ఆయన చేతిలో పడి ఇలా తయారయ్యాయి: ‘సాయంకాలమున యంత్రములు నిలుపరాదు. కాఫీయు చులకని తిండియు పనిచేయు చోటికే అందజేయబడును.’

మడతల దగ్గర పెద్దక్క అని ఒకావిడ ఉంది, అందరికన్నా పాతకాపు. కళ్లజోడు సర్దుకుని నోటీసు పైకి చదివింది. రెండోసారి చదివేసరికి ముఖం కందగడ్డయింది.

“చులకన తిండి అంట! విన్నారా? ఇకనుంచి మనకి చులకన తిండి పెడతారంట!”

షెడ్డంతా గుప్పుమంది. గుమాస్తా కలం చెవిలో పెట్టుకునే పరిగెత్తుకొచ్చాడు. “అయ్యో, చులకన కాదమ్మా, చులకని! అంటే తేలికైనది. పాత మాట. కావాలంటే నిఘంటువు చూపిస్తాను.”

“నిఘంటువు చూసుకుని తినేవాళ్లం కాదులెండి మేము” అంది పెద్దక్క. అందరూ పకపకా నవ్వారు.

పిన్ని నవ్వలేదు. ఆవిడ చూపు మొదటి వాక్యం మీదే ఉంది.

“తిండి తేలికైతే మాకేం నొప్పి గుమాస్తాగారూ? ఇన్నాళ్లూ నేను పెట్టింది తేలికదే. ‘యంత్రములు నిలుపరాదు’ అన్నారే, దానికేమిటి అర్థం మీ నిఘంటువులో?”

గుమాస్తా మేనేజరు గది వైపు చెయ్యి చూపించాడు.

అర్థం మేనేజరే చెప్పాడు. మనిషి మర్యాదస్తుడే, అమ్మా అనకుండా మాట మొదలుపెట్టడు. బడులు తెరిచే రోజు దగ్గర పడుతోంది. మిషన్లు ఆగి మళ్లీ అందుకునేసరికి పావుగంట కాస్తా అరగంటవుతోంది. “తేలికపాటి తిండే కదమ్మా, ఒక చేత్తో తినేయొచ్చు. మీరు ట్రేలో పెట్టి తిప్పితే చాలు. కాఫీ మానెయ్యమని ఎవరినీ అనలేదుగా?” అన్నాడు. తియ్యగా చెప్పిన మాటని కాదనడం కష్టం. పిన్ని అంతటిది కూడా ఆ రోజుకి కాదనలేకపోయింది. అందుకు తర్వాత తనని తాను తిట్టుకోని తిట్టు లేదు.

ఆ సాయంత్రం ట్రే పట్టుకుని వరసగా అందిస్తూ కోత మిషను దగ్గరికి వచ్చింది. దాన్ని నడిపేవాణ్ణి పెళ్లికొడుకు అంటారు. పెళ్లయి మూడేళ్లయింది, కూతురికి నడకొచ్చింది, అయినా వాడికా పేరు వదల్లేదు. ఎడమచేత్తో కాగితాల దొంతర లోపలికి తొయ్యాలి, కుడిచేత్తో మీట లాగాలి. లాగగానే బారెడు వెడల్పు కత్తి దిగుతుంది. వాడు ఎడమచేత్తో రొట్టెముక్క అందుకున్నాడు. అది జారి దొంతర మీద పడింది. అప్పటికే కుడిచెయ్యి మీట లాగేసింది. ముక్క తీద్దామని ఎడమచెయ్యి లోపలికి పోయింది.

పిన్ని ట్రే వదిలేసి వాడి మణికట్టు పట్టుకుని ఒక్క గుంజు గుంజింది. గ్లాసులు నేలపాలయ్యాయి. కత్తి దిగి రొట్టెముక్క రెండు ముక్కలైంది.

“ఏం కాలేదు పిన్నీ, ఏం కాలేదు” అన్నాడు పెళ్లికొడుకు. వాడి పెదాలు తెల్లబడ్డాయి.

“ఏం కాలేదా? నోరు ముయ్యరా వెధవా!” అని వాడి చెవి మెలిపెట్టి, ఆ కాఫీలోనే కూలబడి బావురుమంది. పిన్ని ఏడుస్తుందని అంతవరకూ షెడ్డులో ఎవరికీ తెలియదు.

గేటు దగ్గర కూర్చునే ఆవిడ భర్తకి తెలుసు. ఇరవై రెండేళ్ల కిందట ఆ కత్తి ముందు కూర్చున్నవాడు ఆయనే. అప్పట్లో నాలుగింటికి గంట లేదు, ఆగడం లేదు. పొద్దున మొదలెడితే చీకటి పడేదాకా ఏకబిగిన పని. ఒక సాయంత్రం, సరిగ్గా కళ్లు బరువెక్కే వేళ, ఎడమచేతి వేళ్లు రెండు పోయాయి. ఆయన దాని గురించి మాట్లాడడు. పిన్ని మాత్రం అప్పటి యజమాని ముందు నిలబడి, రోజూ నాలుగింటికి ఆ మిషను ఆగాలి, మనుషులు కూర్చోవాలి అని మాట తీసుకుంది. నోటిమాటే. ఇన్ని కాగితాలున్న షెడ్డులో ఆ ఒక్క మాటా ఏ కాగితం మీదా లేదు.

ఇంటికి పోతూ దారిలో ఆయన అన్నాడు: “పోనీలేవే. ఏటికి ఎదురీదే వయసా మనది?”

“పోనిస్తే పోయేది నా సొమ్ము కాదు, ఆ పిల్లాడి చెయ్యి” అంది పిన్ని.

మర్నాడు పిన్ని రొట్టె కాల్చలేదు, సెనగలు తీయలేదు. పెద్ద మూకుడు పొయ్యి మీద పెట్టి, ఇసుక పోసి, అది బాగా కాగాక వేరుశెనగ కాయలు పోసి వేయించింది. గింజలు కాదు, కాయలు కాయలుగానే. కమ్మటి వాసన మడత బల్లల దాకా పోయింది.

నోటీసుకి ఎక్కడా తప్పలేదు సుమండీ! కాయ తేలిక, కాయ పొడి, కాయకి జిడ్డు లేదు. ట్రేలో పెట్టి ఎవరి చోటికి వాళ్లకి అందించింది కూడా. కాకపోతే కాయ వలవాలంటే రెండు చేతులూ కావాలి. రెండు చేతులూ కాయ మీద ఉంటే మీట మీద చెయ్యి ఉండదు. పైగా తొక్కలు! పుస్తకంలో తొక్క కుట్టుకుపోతే ఎవరు ఊరుకుంటారు? అందుకని వలుచుకోవడానికి కాఫీ గదికే రావాలి. వచ్చినవాళ్లు నిలబడతారా, కూర్చుంటారు. వేయించిన వేరుశెనగ ముందు కూర్చున్నవాడు ఒక్క గుప్పెడుతో లేచిన దాఖలా లోకంలో ఉందా? ఒకరి వెనక ఒకరు వచ్చారు. అయిదు నిమిషాల్లో షెడ్డు నిశ్శబ్దమైంది.

“ఇదేం తిండి పిన్నీ?” అన్నాడు పెళ్లికొడుకు నవ్వుతూ.

“చులకని తిండిరా. అనుమానముంటే గుమాస్తాగారిని అడుగు.”

గుమాస్తా అప్పటికే మూలన కూర్చుని వలుస్తున్నాడు. “ప్రయోగం నిర్దుష్టంగా ఉంది” అన్నాడు నోటినిండా గింజలతో.

మూడు రోజులు అలా నడిచింది. నాలుగో రోజు మేనేజరు నాలుగవక ముందే వచ్చి కోత మిషను పక్కన చేతులు కట్టుకుని నిలబడ్డాడు. గంట కొట్టవద్దన్నాడు. పెళ్లికొడుకు తలవంచుకుని మీట లాగుతూనే ఉన్నాడు. పిన్ని ట్రే తెచ్చింది.

“రేపట్నుంచి వలిచి పెట్టండమ్మా” అన్నాడు మేనేజరు.

“వలిచి ఉంచితే మెత్తబడిపోతాయి సార్. కాఫీలోకి బాగోవు.”

“మీరు నన్ను ఆటపట్టిస్తున్నారు.”

“ఆటలాడే వయసా సార్ నాది?”

ఎవరో కిసుక్కున నవ్వారు. ఆ నవ్వు ఆయనకి ఎక్కడో తగిలింది. మర్యాద ఊడిపోయింది. “సరే అయితే. రేపట్నుంచి బిస్కెట్ ప్యాకెట్లు బయటినుంచి తెప్పిస్తాను. కాఫీ తిప్పడానికి ఇంకో మనిషిని చూసుకుంటాను. మీరు రానక్కర్లేదు.”

పిన్ని ట్రే పక్కన పెట్టింది. చేతులు తుడుచుకుంది.

“ఏమన్నారూ?”

మడత బల్లల దగ్గర పద్నాలుగు చేతుల జతలు ఆగిపోయాయి. మేనేజరు అదే మాట మళ్లీ అన్నాడు గానీ, ఈసారి మొదటంత గట్టిగా రాలేదు.

“ఉద్యోగం తీసేస్తారా బాబూ? తీసెయ్యండి, మహారాజులా తీసెయ్యండి. కానీ ఇది నాకు ఊరికే రాలేదు. మా ఆయన రెండు వేళ్లు ఈ షెడ్డుకిచ్చి తెచ్చుకున్న ఉద్యోగం. ఆయన ఇక మిషను మీద పనికిరాడని గేటు దగ్గర కూర్చోబెట్టి, నాకు పొయ్యి ఇచ్చారు. మీ పొయ్యి మీకు అప్పగించేస్తాను. ఆ రెండు వేళ్లూ నాకు అప్పగించండి. చెయ్యి వెనకటిలా చేసి ఇవ్వండి, ఈ క్షణం పోతాను.”

మేనేజరు తలుపులోంచి గేటు వైపు చూశాడు. అక్కడ ముసలాయన కుర్చీలో కూర్చుని ఉన్నాడు, ఎడమచెయ్యి జేబులో ఉంది. నెల రోజులుగా పొద్దునా సాయంత్రం ఆయన్ని దాటి వెళుతున్నాడు, ఆ చెయ్యి ఒక్కసారీ చూడలేదు.

“ఏ మిషను మీద?” అని అడిగాడు.

“ఇంకే మిషను? మీరు ఆపొద్దని నోటీసు రాయించిందే. మొన్న వీడి చెయ్యి కూడా నేను వెనక్కి గుంజింది దీని కిందనుంచే.”

ఆయన పెళ్లికొడుకు వైపు చూశాడు. వాడు అవునన్నట్టు తలాడించాడు. మేనేజరు పిన్ని వైపు తిరిగాడు. “పైవాళ్లకి నేను జవాబు చెప్పుకోవాలమ్మా. పుస్తకాలు ఆలస్యమైతే పిల్లలు...”

“పుస్తకం పావుగంట ఆలస్యమైతే ఏ పిల్లాడూ ఏడవడు బాబూ, గంతులేస్తాడు. పైవాళ్లకి పిన్ని ఆపించిందని చెప్పండి. తప్పంతా నాదేనని రాసివ్వమన్నా రాసిస్తాను.”

“మిమ్మల్ని పంపించేస్తే అప్పుడేం చేస్తారు?”

ఆ మాటలో బెదిరింపు లేదు. నిజంగానే తెలుసుకోవాలని అడిగాడు. పిన్ని కూడా నిజమే చెప్పింది.

“నేను ఉన్నా లేకపోయినా ఇది నాలుగింటికి ఆగుతుంది. నమ్మకం లేకపోతే వాళ్లనే అడగండి.”

ఆయన వాళ్ల వైపు తిరిగాడు. అడిగే అవసరం రాలేదు. పెద్దక్క చేతిలో కాగితం బల్ల మీద పెట్టి, కళ్లజోడు తీసి, చేతులు కడుక్కోవడానికి లేచింది. ఆవిడ వెనక ఇంకొకరు, ఆ వెనక ఇంకొకరు, పద్నాలుగు మందీ లేచారు. పెళ్లికొడుకు మేనేజరు కళ్లలోకి చూస్తూ స్విచ్చి కిందికి లాగాడు.