మూడు ఏడులు

మొన్న ఆఫీసులో కొత్త సర్వరు ‘పర్మిషన్ డినైడ్’ అని మొండికేసినప్పుడు నా వేళ్ళు అలవాటుగా 777 కొట్టబోయి ఆగిపోయాయి. ఆపింది తెలివి కాదు, సిగ్గు. లినక్సులో ప్రతి ఫైలుకూ యజమాని, అతని గుంపు, మిగతా లోకం అని మూడు వర్గాలు. చదవడానికి నాలుగు, రాయడానికి రెండు, నడపడానికి ఒకటి; కలిపితే ఏడు. మూడు ఏడులు పెడితే ముగ్గురికీ తలుపులు బార్లా తీసినట్టే. చాలా ఏళ్ళ కిందట గురజాలలో ఒక ప్రైవేటు కాలేజీ ల్యాబులో ఈ పాఠం పిల్లలకు నేనే చెప్పేవాణ్ణి. పాటించేవాణ్ణి కాను.

అక్కడ తెలుగు చెప్పే మేడమ్‌ను అక్కా అని పిలిచేవాణ్ణి. ఎండలకు పేరుమోసిన రెంటచింతల నుంచి బస్సులో వచ్చేది. ఆ ఎండల్లో మనకు చుట్టరికం కలిపింది మీ ల్యాబు ఏసీయేనని నవ్వేది. ఖాళీ పీరియడ్లో ఓ మూల కూర్చుని, అక్షరం అక్షరం వెతుక్కుంటూ ఏదో టైపు చేసుకునేది. ఇది ఇంకెవరైనా చూస్తారా అని ఒకసారి అడిగింది. మీరు తప్ప ఎవరూ తెరవలేరని గట్టిగా చెప్పాను. అప్పటికది నిజమే. పరీక్షల ముందు, ప్రోగ్రాములు సేవ్ కావడం లేదని పిల్లలు గోల పెట్టారు. ఏ ఫోల్డరుకు ఏ అనుమతి తగ్గిందో చూసే ఓపిక లేక, లోపలి ఫైళ్ళతో సహా అందరి ఫోల్డర్లకూ ఒకే కమాండుతో మూడు ఏడులు పెట్టేసి టీకి వెళ్ళాను.

వారం తిరక్కుండానే, ఆమె ల్యాబులో కూర్చుని చెల్లెలికి టైపు చేసుకున్న ఉత్తరం కాలేజీ అంతా చదివేసింది. కువైట్‌లో ఉన్నాడని ఆమె చెబుతూ వచ్చిన భర్త, ఆమెను వదిలేసి మాచర్లలోనే వేరే కాపురం పెట్టాడని అందులో ఉంది.

ఆమె ల్యాబుకు వచ్చి గుమ్మం దగ్గరే నిలబడింది. “తమ్ముడూ, నేనొక్కదాన్నే చూస్తానన్నావు గదా. ఎట్టా బయటికొచ్చింది?”

“మీరు లాగవుట్ చెయ్యకుండా లేచి వెళ్ళుంటారక్కా,” అన్నాను.

“అయ్యుంటది. నాదే పొరపాటు. నీకు మాట రానీన్లే.”

ఆమె అటు వెళ్ళగానే ఆ ఫోల్డరును 700కి మార్చాను. యజమానికి తప్ప ఇంకెవరికీ ఏమీ లేకుండా. రెండు సెకన్ల పని. ప్రిన్సిపాల్ అడిగినప్పుడు తప్పు తనదేనని ఆమె కాగితం మీద రాసిచ్చింది. నేను పక్కనే నిలబడి చొక్కా గుండీ సర్దుకుంటున్నాను. ఆ ఏడాది చివర్లో ఉద్యోగం మానేసింది.

పోయినేడు మాచర్ల బస్టాండులో కనిపించింది. జుట్టంతా నెరిసింది. తనే ముందు పలకరించి, పిల్లలెంతమందని అడిగింది. బస్సు వచ్చేలోపు అప్పుడు నేను చేసిందంతా చెప్పేశాను. ఆమె కోప్పడితే బాగుండునని లోపల కోరుకున్నాను కూడా.

“అప్పుడే చెప్పాల్సింది తమ్ముడూ,” అంది. “నా పరువు నేనే తీసుకున్నానని చానా ఏళ్ళు నన్ను నేనే తిట్టుకున్నా.”

బస్సెక్కి వెళ్ళిపోయింది. తనను తాను తిట్టుకుంటూ ఆమె గడిపిన ఆ ఏళ్ళు నిజానికి నావి. వాటిని తీసుకోవడానికి నేను వెళ్ళేసరికి, ఆమె ఒక్కతే మోసి ముగించేసింది.